ఎన్నిసార్లు అరిచిందో లెక్కపెట్టారా?

పర్లాకిమిడిలో చిన్న డీటీపీ షాపు నడుపుకుంటున్న ఒక చెల్లెమ్మ ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. పదకొండేళ్ల కిందట అసెంబుల్ చేయించుకున్న ఒక్క సిస్టమ్ మీదే ఆమె షాపంతా నడుస్తోంది. తెలుగులోనూ ఒడియాలోనూ పెళ్లి కార్డులు, బడి ప్రశ్నపత్రాలు, ఆఫీసులకు అర్జీలు, పిల్లల ఆన్‌లైన్ దరఖాస్తులు ఆమె పని. భర్తకు విశాఖలో ఉద్యోగం, వారానికోసారి గుణుపురం రైలెక్కి వస్తారు. ఇంట్లో అత్తగారు, ఐటీఐ చదువుతున్న మరిది ఉంటారు.

సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ. ముందురోజు సాయంత్రం మరిది, "వదినా, మిషనంతా దుమ్ము పట్టీసింది, పూజకి తుడిచేస్తాను" అని సీపీయూ సైడు డోరు విప్పి, పక్క వడ్రంగి షాపులోంచి బ్లోయరు తెచ్చి కొట్టాడు. పూజ బాగానే జరిగింది, సీపీయూకి పసుపూ బొట్టూ పెట్టారు. మర్నాడు పొద్దున్న స్విచ్చి నొక్కితే ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, తెర మీద మాత్రం "నో సిగ్నల్". లోపల్నుంచి పీ పీ మని అరుపు. కార్డు కోసం వచ్చినవాళ్ల ముందే ఆమె మరిదిని "నీకేటి తెల్సని ఇప్పీసినావు" అని అనేశారు. అప్పటినుంచి అతను ఇంట్లో నోరు విప్పడం లేదు, సగం రోజులు భోజనానికీ రావడం లేదు. "మిషను కోసం నా బిడ్డని అంత మాట అంటావా" అని అత్తగారు. రిపేరు షాపతను సిస్టమ్ విప్పకుండానే, అరుపు ఒకసారి విని, "బోర్డు పోయింది, తొమ్మిది వేలవుతుంది, సీపీయూ వదిలి వెళ్లండి" అన్నాడట. భర్తేమో పాతది అమ్మేసి వాయిదాల మీద లాప్‌టాప్ తీసుకుందామంటున్నారు. కార్తీకం ముహూర్తాల కార్డులు నాలుగు అందులోనే ఉండిపోయాయి. ఇంకెక్కడా కాపీ లేదు. తప్పు మరిదిదేనా, బోర్డు మార్పించాలా, లాప్‌టాప్ కొనాలా, ఆ కార్డులు దొరుకుతాయా అని ఆమె అడుగుతున్నారు.

చెల్లెమ్మా,

ముందు మీ గుండె దడ తగ్గే మాట చెబుతాను. మీ కార్డులు హార్డ్ డిస్కులో ఉన్నాయి. మీ సిస్టమ్ అరుస్తున్నది ఇంకా హార్డ్ డిస్కు దాకా వెళ్లని దశలో. ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయిన మనిషి పెరట్లో ఏముందో చూడలేడు కదా. బోర్డు నిజంగా పోయినా సరే, ఆ డిస్కు విప్పి ఇంకో సిస్టమ్‌కి తగిలిస్తే ఫైళ్లు కనబడతాయి. డిస్కు దానంతటది చెడితే తప్ప వాటికి వచ్చిన ముప్పు లేదు. కాబట్టి ఈ రాత్రికి నిద్రపోండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇంటి గొడవే కనబడింది. రెండోసారి పెన్ను పట్టుకుని చదివితే ఒక సంగతి దొరికింది. మొదటి పేజీలో "మూడుసార్లు పీ మంటోంది" అని రాశారు. మూడో పేజీలో మీవారికి ఫోనులో "ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా" అని చెప్పానన్నారు. చివరి పేజీలో "ఒకటే పనిగా అరుస్తోంది, తల పగిలిపోతోంది" అన్నారు. ఈ మూడూ మూడు వేర్వేరు కూతలు, ఒక్కోదానికి ఒక్కో అర్థం. తొమ్మిది వేల గురించీ, మరిది గురించీ, లాప్‌టాప్ గురించీ ఇంట్లో నలుగురూ నాలుగు మాటలనుకున్నారు గానీ, అది ఎన్నిసార్లు అరిచిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ అరుపు ఎందుకో చెబితే మీకే తెలుస్తుంది. పొద్దున్న బడిలో మాస్టారు హాజరు పిలిచినట్టు, స్విచ్చి వేయగానే బోర్డు మీద ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రాము ఒక్కొక్కరినీ పిలుస్తుంది. లెక్కలు చేసే ప్రాసెసర్ ఉందా, పని జరుగుతున్నంతసేపు సమాచారం పట్టి ఉంచే ర్యామ్ ఉందా, తెరకి బొమ్మ పంపే డిస్‌ప్లే ఉందా అని. అందరూ పలికితేనే విండోస్‌ని లేపుతుంది. ఎవరైనా పలక్కపోతే తెర మీద రాసి చెప్పాలి, కానీ తెర వెలగాలన్నా ముందు ర్యామూ డిస్‌ప్లే పనిచేయాలి. అవే పలకనప్పుడు దానికి మిగిలిన నోరు ఆ చిన్న స్పీకరొక్కటే. 1981లో ఐబీఎం పీసీ వచ్చిన నాటి నుంచీ ఈ ఏర్పాటుంది. అరిచిందంటే మీ సిస్టమ్‌కి కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ డబ్బా పనిచేస్తోందనీ, ప్రాసెసర్ లేచిందనీ, బోర్డులో బయోస్ బతికే ఉందనీ దాదాపుగా ఖాయం. పూర్తిగా చచ్చిన బోర్డు హాజరు పిలవదు. అందుకే "అరుస్తోంది కాబట్టి బోర్డు పోయింది" అన్న మాట నాకు మింగుడు పడలేదు. పోలేదని నేనూ ఒట్టు వేయను. కానీ విప్పకుండా చెప్పిన తీర్పు అది.

మీ ఊళ్లోనే గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెబుతూ, కొండల మీది సవరల మాట నేర్చుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లకు అర్థంకాని శబ్దంగా వినబడిన దానికి పలుకుబడీ వ్యాకరణమూ ఉన్నాయని విని పట్టుకున్నారు. ఆయనకైతే ఏళ్లు పట్టింది, మీకు ఐదు నిమిషాలు చాలు.

అయితే అరుస్తున్నది సీపీయూయేనా అన్నది మొదట తేల్చుకోండి. నవ్వకండి. ఒకసారి టెక్కలి అవతల ఒక ఊరికి, "సిస్టమ్ ఆగకుండా కూస్తోంది" అంటే బస్సెక్కి వెళ్లాను. తీరా చూస్తే కూస్తున్నది బల్ల కింద యూపీఎస్. ప్లగ్గు వదులై అది బ్యాటరీ మీద నడుస్తోంది. టీ ఇచ్చి పంపారు. మీ యూపీఎస్ కూడా పాతదేనన్నారు కాబట్టి, ఒక్కసారి దాన్ని పక్కన పెట్టి సీపీయూ వైరుని నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి చూడండి. అలాగే కీబోర్డు, మౌసు, ప్రింటరు, పెన్‌డ్రైవు అన్నీ పీకేయండి. పూజ రోజు కీబోర్డు మీద పూలూ కుంకుమా పడి ఏ కీ అయినా నొక్కుకుపోయి ఉంటే, అది కూడా ఆగకుండా కూయిస్తుంది.

ఇప్పుడు ఫోనులో రికార్డింగు పెట్టి స్విచ్చి వేయండి. ఒక నిమిషం చాలు. తరువాత తీరిగ్గా విని, పొడుగెన్ని, పొట్టివెన్ని, మధ్యలో ఎంతసేపు ఆగింది, కాగితం మీద గీతలు గీయండి. మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, బోర్డు పేరొక్కటి లేదు. అది కావాలి, ఎందుకంటే ఈ భాష ఒక్కో కంపెనీ బయోస్‌కి ఒక్కో యాసలో ఉంటుంది. బోర్డు మీద పెద్దక్షరాలతో మోడలు అచ్చు వేసి ఉంటుంది, బయోస్ చిప్పు స్టిక్కరు మీద కొన్నిసార్లు ఏఎంఐ అనో అవార్డ్ అనో ఉంటుంది. ఏఎంఐ అయి మూడు పొట్టి కూతలైతే ర్యామ్ మొదటి భాగం చదవలేకపోతోందని. అదే ఏఎంఐలో ఒక పొడుగూ ఎనిమిది పొట్టివీ అయితే డిస్‌ప్లే. అవార్డ్‌లో ఒక పొడుగూ రెండు పొట్టివీ అయితే డిస్‌ప్లే, ఆగకుండా ఒకేలా మోగుతూ ఉంటే చాలాసార్లు ర్యామ్ సరిగ్గా కూర్చోలేదని. డెల్ వాళ్ల సిస్టమ్‌లలో లెక్క మళ్లీ వేరు, రెండైతే ర్యామే కనబడలేదని, నాలుగైతే ర్యామ్ చదవడంలో తప్పు వచ్చిందని. అందుకని పక్కింటివాళ్ల సిస్టమ్ అనుభవం మీ సిస్టమ్‌కి పనికిరాదు.

మీరు చెప్పిన మూడింటిలో రెండు ర్యామ్ వైపే చూపిస్తున్నాయి. పైగా దుమ్ము దులిపిన రెండు రోజులకే మొదలైంది. అది కూడా వానాకాలం చివర్లో, గాలిలో తడి ఉన్న రోజుల్లో. పదకొండేళ్ల ర్యామ్ పట్టీకి అడుగున ఉండే బంగారు రంగు కాళ్ల మీద సన్నటి మసక పొర పట్టి ఉంటుంది, ఇన్నాళ్లూ కదలకుండా ఉంది కాబట్టి నడిచింది. బ్లోయరు గాలికి దుమ్ము ర్యామ్ కూర్చునే స్లాటులోకి దూరి ఉండొచ్చు, లేదా మీ మరిది దాన్ని విప్పి పెట్టేటప్పుడు ఒకవైపు క్లిప్పు పడకుండా ఉండిపోయి ఉండొచ్చు. నేను చూసిన వాటిలో ఇది అన్నిటికంటే మామూలు కారణం. నా అంచనా ఇదే. అయినా అంచనా అంచనాయే.

ఇక "తప్పు మరిదిదేనా" అన్న ప్రశ్న. అతని చెయ్యి పడిన తరువాత ఆగిన మాట నిజం. క్లిప్పు పడకపోవడమే అయితే అది రెండు నిమిషాల పని, దానికింత యుద్ధం అక్కర్లేదు. ఒంట్లోని స్టాటిక్ కరెంటు తగిలి ర్యామ్ నిజంగానే కాలి ఉండే అవకాశమూ ఉంది, దాన్ని దాచను. కానీ ఈ రెండింటిలో ఏదో తెలియాలంటే ఒక్కటే దారి. అతను ఏమేం ముట్టుకున్నాడు? ర్యామ్ తీశాడా, ఒకటా రెండా, ఏ స్లాటులోది ఏ స్లాటులో పెట్టాడు? ఏ వైరైనా ఊడితే మళ్లీ గుచ్చాడా? బ్లోయరు కొట్టేటప్పుడు ప్లగ్గు పీకాడా? ఈ సంగతులు తెలిసిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, అతను మీ ఇంట్లో మాట్లాడడం మానేశాడు. రిపేరు షాపులో ఎవరినడిగినా చెబుతారు, సగం రోగం "ఇది ఆగే ముందు ఏం జరిగింది" అన్న ప్రశ్నతోనే తెలిసిపోతుందని. మీరు మీ సాక్షినే కోర్టు బయటికి పంపేశారు.

మీ ముందున్న దారులు చూద్దాం.

ఇంట్లోనే ఒకసారి ప్రయత్నించడం మొదటిది. ప్లగ్గు పీకి, స్విచ్చిని పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. సీపీయూని బల్ల మీద పక్కకి పడుకోబెట్టండి. దుప్పటి మీద వద్దు, నైలాను చీర కట్టుకుని వద్దు. ఏదీ ముట్టుకోక ముందు ఫోనుతో నాలుగు ఫొటోలు తీయండి. పెట్టె ఇనుప భాగాన్ని చేత్తో తాకండి, ఒంట్లో స్టాటిక్ ఉంటే అందులోకి పోతుంది. ర్యామ్ స్లాటుకి చివర్లలో తెల్లటివో నల్లటివో క్లిప్పులుంటాయి, వాటిని బయటికి నొక్కితే ర్యామ్ పైకి లేస్తుంది. బంగారు రంగు కాళ్లను వేళ్లతో పట్టుకోకండి. పిల్లలు పెన్సిలు చెరిపే మెత్తటి తెల్ల రబ్బరుతో ఆ కాళ్లను రెండువైపులా నెమ్మదిగా రుద్దండి, బోర్డుకి దూరంగా, పొట్టు లోపల పడకుండా. పెన్ను గీతలు చెరిపే గరుకు రబ్బరు వద్దు, పూతని గీకేస్తుంది. పొడి నూలు గుడ్డతో తుడిచి, ర్యామ్ అడుగున ఉన్న గంటు స్లాటులోని గట్టుకి సరిపడేలా పెట్టి, రెండు చివరలా సమంగా నొక్కండి. క్లిప్పులు వాటంతటవే టక్‌మని మూసుకోవాలి. ఆ చప్పుడు రాకపోతే కూర్చోలేదన్నమాటే. కొంచెం గట్టిగానే నొక్కాల్సి వస్తుంది, కొత్తవాళ్లంతా భయపడి ఇక్కడే సగంలో ఆపేస్తారు.

ర్యామ్‌లు రెండుంటే ఒక్కొక్కటే పెట్టి, ఒక్కో స్లాటులో చూడండి. ఏ జతలోనైనా తెర వెలిగితే దొంగ దొరికినట్టే. ఏ ర్యామ్ ఏ స్లాటులో పెట్టినా అరుస్తుంటే ఇంకో పరీక్ష ఉంది, ఇది చాలామందికి తెలియదు. ర్యామ్ మొత్తం తీసేసి స్విచ్చి వేయండి. దీనివల్ల బోర్డుకి ఏ హానీ లేదు. ర్యామ్ లేనప్పుడు వచ్చిన కూతా ర్యామ్ ఉన్నప్పటి కూతా ఒకటే అయితే, బోర్డు కళ్లకి ర్యామ్ ఉన్నా లేనట్టే కనబడుతోంది. ర్యామ్ చచ్చిందన్నా అనుకోవాలి, స్లాటు పోయిందన్నా అనుకోవాలి. కూత మారితే ర్యామ్‌ని చూస్తోంది గానీ చదవలేకపోతోందని, లేదా తప్పు ఇంకెక్కడో ఉందని. ర్యామ్ తీసేశాక అసలు కూతే రాకపోతే మాత్రం నా అనుమానం ప్రాసెసర్ వైపో బోర్డు వైపో తిరుగుతుంది.

బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సెల్లు గురించి మీవారు అడిగారట. అది సీఆర్2032, 3 వోల్టులది. పదకొండేళ్లలో మార్చకపోతే అది అయిపోయే ఉంటుంది, కానీ దానివల్ల టైము తప్పుగా చూపడమే ఎక్కువ, ఈ అరుపు దానిది కాకపోవచ్చు. చవకే కాబట్టి మార్చేయండి. ఒక్క హెచ్చరిక. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం మీరు గానీ మరిది గానీ విప్పవద్దు. ప్లగ్గు పీకినా అందులోని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది.

ఈ ప్రయత్నంలో మీకు పోయేది ఒక సాయంత్రం. ర్యామ్ కొనాల్సివస్తే, పదకొండేళ్ల సిస్టమ్ అంటే డీడీఆర్3 అయి ఉండాలి, స్టిక్కరు ఫొటో చూపించి అదే రకం అడగండి. డీడీఆర్4 ఆ స్లాటులో పట్టదు, గంటు వేరే చోట ఉంటుంది. పాత డీడీఆర్3 తొమ్మిది వేలలో చిన్న వంతుకే వస్తుంది.

రెండోది షాపుకి ఇవ్వడం. ఇది తప్పు దారి కాదు. ఇంట్లో చేతులు వణుకుతుంటే షాపే మేలు. కానీ హార్డ్ డిస్కు విప్పి ఇంట్లో పెట్టుకుని మిగతా సీపీయూ ఇవ్వండి. రెండు వైర్లూ నాలుగు స్క్రూలూ, అంతే పని. కూతకి కారణం వెతకడానికి డిస్కు అక్కర్లేదు. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, చాలా షాపుల్లో చివర్లో అలవాటుగా "విండోస్ కొట్టేశాం" అని సీ డ్రైవు తుడిచేస్తారు. మీరు ఫైళ్లన్నీ డీ డ్రైవులో ఉన్నాయన్నారు, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న కార్డులు సీలోనే ఉంటాయని మర్చిపోతారు అందరూ. షాపతన్ని గొడవ పెట్టుకోకుండా రెండే అడగండి: "మంచి ర్యామ్ ఒకటి పెట్టి నా ముందు చూపిస్తారా? పాత బోర్డు నాకే ఇస్తారా?" నిజాయితీగా పనిచేసేవాడు మొదటిదానికి వెంటనే ఒప్పుకుంటాడు. అతను పని తెలిసినవాడే అయి, ఆ రోజు తీరిక లేక ఒక మాట అనేసి ఉండొచ్చు కూడా. కుదరకపోతే పక్కనే పాతపట్నం ఉంది, రెండో చోట చూపించుకోండి.

బోర్డే పోయిందని మీ కళ్లముందు తేలితే అప్పుడు మూడో దారి బోర్డు మార్చడం, నాలుగోది లాప్‌టాప్. పాత ప్రాసెసర్‌కి సరిపడే బోర్డు ఇప్పుడు మంచి కంపెనీలవి కొత్తగా దొరకడం కష్టం, వాడినవో పేరులేనివో దొరుకుతాయి. కొత్త రకం బోర్డంటే ప్రాసెసర్, ర్యామ్ కూడా మారాలి, తొమ్మిది వేల లెక్క అక్కడితో ఆగదు. నాకైతే పదకొండేళ్ల సిస్టమ్‌లో అంత పెట్టడం ఇష్టం ఉండదు. మీరింకా విండోస్ 7 వాడుతున్నారు. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14 తోనే మద్దతు ఆపేసింది, 2023 మొదట్నుంచి కొత్త క్రోమ్ కూడా అందులో రావడం లేదు. మీ ఆన్‌లైన్ దరఖాస్తుల పేజీలు మొరాయిస్తున్నాయని రాశారే, దానికి కారణం నెట్టు ఒక్కటే కాదు.

మీవారి లాప్‌టాప్ మాట అందుకే పూర్తిగా కొట్టిపారేయను. కానీ వాయిదా మొదలయ్యే ముందు ఒక చిక్కు చూసుకోండి. మీ తెలుగు కార్డులు అను ఫాంట్లలో, ఒడియావి ఆకృతిలో ఉన్నాయి. ఇవి అన్ని సిస్టమ్‌లూ చదవగలిగే యూనికోడ్ పద్ధతిలో లేవు. ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాల గుట్ట కనబడుతుంది. కార్డులు దిద్దే పేజ్‌మేకర్ ప్రోగ్రాము కొత్త విండోస్‌లో నడుస్తుందో లేదో ముందు ఎవరి దగ్గరైనా మీ ఫైలుతో చూడాలి. పదిహేను అంగుళాల తెర మీద రోజంతా కార్డు దిద్దడం కళ్లకీ మెడకీ శిక్ష. కొత్తదే కొనాలంటే ఆఫీసుల్లో వాడి తీసిన డెస్క్‌టాప్ ఒకటి వెతికి, ఇప్పుడున్న మానిటరూ కీబోర్డూ ప్రింటరూ వాడుకోవడం నాకు మేలనిపిస్తుంది. మీవారికి ఇంటిదగ్గర లాప్‌టాప్ కావాలనే కోరిక వేరే ఉంటే, అది షాపు లెక్కలోంచి తీయొద్దు.

ఏ దారి పట్టినా ముందు డిస్కు కాపీ. అసలు భయపడాల్సింది దాని గురించే. పదకొండేళ్లుగా తిరుగుతున్న డిస్కు ఒకరోజు ఏ పీ పీ లేకుండా, చెప్పా పెట్టకుండా ఆగుతుంది, అప్పుడు నేనేమీ చెప్పలేను. డిస్కుకి ఉండే సాటా పిన్నుని మామూలు యూఎస్‌బీకి మార్చే చిన్న కేబులు దొరుకుతుంది. మీది పెద్ద డెస్క్‌టాప్ డిస్కు కాబట్టి పవర్ అడాప్టరుతో వచ్చేదే అడగండి, లేకపోతే తిరగదు. దాంతో తెలిసినవాళ్ల సిస్టమ్‌కి తగిలించి, నాలుగు కార్తీకం కార్డులు ముందు తీసుకుని, వాళ్ల దగ్గరే పని నడిపించుకోవచ్చు. విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డరు కూడా మర్చిపోకుండా ఎత్తండి. కాపీ ఒకటి బయటి డిస్కులో, ముఖ్యమైనవి గూగుల్ డ్రైవులో. అక్కడ 15 జీబీ దాకా ఉచితం, పెళ్లి కార్డులకు ఎక్కువే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ జిల్లా ఎంత అల్లాడిందో మీకు నేను చెప్పాలా. కాపీ కూడా అదే షాపులో అదే బల్ల మీద ఉంటే లాభం లేదు.

అత్తగారితో నేను మధ్యవర్తిత్వం చేయలేను. ర్యామ్ దగ్గర మీతోపాటు ఫోను లైటు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి, రికార్డింగు లెక్కపెట్టడానికి ఇంకో జత చెవులు కావాలి. ఎన్ని కూతలో, బోర్డు మీద ఏ మోడలుందో రాసి పంపితే మిగతాది వచ్చేసారి చెబుతాను. సైడు డోరు ఇంకా తీసే ఉందనీ, దాని స్క్రూలు కనబడడం లేదనీ నాలుగో పేజీలో రాశారు. అవి ఎక్కడ పెట్టాడో మరిదికే తెలుసు. ముందు ఆ మాట అడగండి.